తొక్కి కుట్టిన మూట

మస్కట్‌కి నాతోపాటు నా కుట్టు మిషన్ కూడా వస్తుందని చెప్పిన రోజు ఇంట్లో ఒక్కరు కూడా నా వైపు మాట్లాడలేదు. ఫోన్లో మా ఆయన నవ్వాడు. వదిన నుదురు కొట్టుకుంది. అన్న మాత్రం లేచి వెళ్లి, సంతలో గేదెను చూసినట్టు మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి వచ్చాడు. నేను అన్న మాట వెనక్కి తీసుకునే మనిషిని కాదని ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే వాదన మా ఆయనకీ వదినకీ వదిలేసి, దీన్ని ఎలా కట్టాలా అని అప్పుడే ఆలోచనలో పడ్డాడు.

మాది పర్చూరులో దూది ఏకే కుటుంబం. పేర్లు విని ముస్లింలమని తెలుసుకున్నవాళ్లు మాతో ఉర్దూలో మొదలుపెడతారు. మేం తెలుగులో జవాబు చెబితే తెల్లబోతారు. మాకు వచ్చింది తెలుగొక్కటే. మా తాతలు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టారు. నాన్న హయాంలో విల్లు అటకెక్కి కరెంటుతో ఏకే మిషన్ వచ్చింది. నాన్న పోయాక చీరాల రోడ్డు మీదున్న పరుపుల దుకాణం అన్న చేతికొచ్చింది. దుకాణం వెనక ఇల్లు, ముందు వసారాలో నా కుట్టు మిషన్. పగలంతా ఊళ్లోవాళ్ల జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. పరుపుల పని తగిలితే నేను గలేబులు కుట్టి ఇచ్చేదాన్ని, అన్న వాటిలో దూది నింపేవాడు. నేను కుట్టిన గలేబు మూలల్లో దూది పొంగుగా నిలబడుతుందని అన్న కొనేవాళ్లందరికీ చెప్పేవాడు. అది నిజం కూడా.

ఆ మిషన్ నేను నా చేతి కష్టంతో కొనుక్కున్నది. పెళ్లికి ముందు గుంటూరు బ్రాడీపేటలో ఒక టైలరింగ్ స్కూల్లో పని నేర్చుకుని, అక్కడే కొన్నాళ్లు కుట్టి, ఆ జీతంతో కొని బస్సు టాపు మీద ఊరికి తెచ్చుకున్నాను. పెళ్లయ్యాక మా ఆయన మస్కట్‌లో ఏసీలు బాగుచేసే కంపెనీలో చేరాడు. నేను అన్నవాళ్లింట్లోనే ఉండి నా పని నేను చేసుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయనకు మెకానిక్‌ల మీద సూపర్‌వైజరుగా పదోన్నతి వచ్చింది, దాంతోపాటు భార్యను తెచ్చుకోవడానికి వీసా కూడా. అప్పుడు మొదలైంది ఈ మిషన్ గొడవ.

"ఇక్కడ దొరకని వస్తువు లేదు. బట్టలు సర్దుకుని రా, చాలు" అన్నాడు మా ఆయన ఫోన్లో.

"నాకు పని దొరుకుతుందా?"

"పనెందుకు నీకు? నిన్ను కూర్చోబెట్టి పోషించలేనా?"

ఆయన ప్రేమగానే అన్నాడు. కానీ ఆ మాట వింటే నాకు ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లప్పటి నుంచి గాజులకు గానీ గుడ్డలకు గానీ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు నేను. తెలియని దేశం, రాని భాష, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే మొగుడు. నాలుగు గోడల మధ్య ఏసీ చప్పుడు వింటూ కూర్చోవడానికి విమానం ఎక్కి వెళ్లాలా? మిషన్ ఉంటే ఎక్కడైనా నేను నేనుగా ఉంటాను. అది లేకపోతే ఫలానా ఆయన పెళ్లాన్ని, అంతే. అదే మాట ఫోన్లో చెప్పాను. చివరికి ఆయన, "సరే, మోసుకురా, నీ తిప్పలు నువ్వు పడు" అన్నాడు.

అది కాలితో తొక్కే మిషన్. చెక్క బల్ల, ఇనుప స్టాండు, పెడలు ఇక్కడే వదిలేసి, పైన ఉండే హెడ్డు మాత్రం తీసుకెళ్లి, దానికి చేత్తో తిప్పే చక్రం బిగించుకోవాలని అనుకున్నాను. హెడ్డు అంటే తక్కువేం కాదు. పాతకాలం పోత ఇనుము. ఎత్తితే నడుం పట్టేస్తుంది.

టికెట్ వచ్చింది. సామాను ముప్పై కిలోల దాకా తీసుకెళ్లొచ్చని ట్రావెల్స్ అతను చెప్పాడని చెప్పగానే అన్న కళ్లు పెద్దవయ్యాయి.

"ముప్పై కిలోలే! ముప్పై కిలోలంటే రెండు డబుల్ కాట్ పరుపులే అమ్మాయ్! సగం ఇల్లు పట్టుకుపోవచ్చు నువ్వు" అన్నాడు.

నవ్వకండి. నేను కూడా సరిగ్గా అలాగే అనుకున్నాను. పుట్టినప్పటి నుంచి కిలో అంటే దూది కిలోనే చూశాం మేం. కిలో దూది అంటే రెండు చేతులా కౌగిలించుకుంటే తప్ప పట్టనంత. అలాంటివి ముప్పై అంటే మా కళ్లముందు ఒక గది నిండా తెల్లగా కనిపించింది. పైగా అన్న అంచనా ఊళ్లో పేరు మోసింది. పరుపు మీద చెయ్యి వేసి నొక్కి, ఇందులో దూది ఇన్ని కిలోలని చెప్పేవాడు. కాటా మీద పెడితే అంతే ఉండేది. కాటా మోసం చేస్తుందేమో గానీ నేను చెయ్యనని అనేవాడు.

మా ఊళ్లో ఎవరైనా గల్ఫ్ వెళ్తున్నారని తెలిస్తే వాళ్ల ఇంటి ముందు చిన్న తిరనాళ్ల మొదలవుతుంది. అక్కడ ఉన్న తమవాళ్లకు పంపడానికి తలా ఒక పొట్లం తెస్తారు. "మా వాడికిచ్చెయ్యమ్మా, వాడే వచ్చి తీసుకుంటాడు" అంటారు. కాదనడం మర్యాద కాదు. రేపు మన పొట్లం ఇంకొకరు మోస్తారు. చర్చి స్కూలు టీచరమ్మ మస్కట్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కూతురికి కారం పంపింది. ఎండు మిరపకాయలు తనే ఏరి, తొడిమలు తీసి, మరలో దగ్గరుండి ఆడించిన కారం. ఇంకొకరు గోంగూర పచ్చడి, ఇంకొకరు కందిపొడి, చీరాల నుంచి తెచ్చిన ఎండు రొయ్యలు. రొయ్యల వాసనకి వదిన ముక్కు మూసుకుని వాటిని వసారాలోనే పెట్టించింది. ఇవికాక నా చీరలు, స్టీలు సామాను, అట్ల పెనం, పచ్చళ్లు, చిన్న రాతి రోలు కూడా ఉన్నాయి. రోలు లేకుండా పచ్చడి ఎలా నూరతానని వదిన పట్టుబట్టింది.

సూట్‌కేసులు కొందామన్నాను. అన్న ఒప్పుకోలేదు.

"ఆ డబ్బాలు ఎందుకే? వాటి బరువు వాటికే సరిపోద్ది. నేను కడతాగా" అన్నాడు.

కట్టడమంటే అన్నకు తెలిసింది ఒకటే పద్ధతి. పత్తి బోరేల పద్ధతి. మా వైపు పత్తి తూకానికి వెళ్లే ముందు బోరెం అనే పెద్ద గోనె సంచిని దూలానికి వేలాడదీస్తారు. ఒక మనిషి అందులో దిగి, పైనుంచి పత్తి వేస్తుంటే మూల మూలా తిరుగుతూ కాళ్లతో తొక్కుతాడు. తొక్కే కొద్దీ పత్తి అణుగుతుంది, ఇంకా పడుతుంది, మళ్లీ తొక్కుతాడు. చివరికి బోరెం రాయిలా బిగుసుకుపోతుంది. మా వాళ్లకు పత్తితో ఉన్న ఇబ్బంది ఒక్కటే, అది చోటు తినేస్తుంది. దాన్ని అణచడమే మా విద్య.

అన్న పరుపుల గుడ్డ రెండు పొరలు వేసి నాచేతనే ఒక పెద్ద సంచి కుట్టించాడు. దాన్ని వసారా దూలానికి వేలాడదీశాడు. కాళ్లు సబ్బుతో కడుక్కుని, ఉతికిన మేజోళ్లు తొడుక్కుని అందులో దిగాడు.

"కొత్త చీరల మీద కాళ్లేంటయ్యా! పట్టు చీర కూడా ఉంది అందులో" అని వదిన అరిచింది.

"పత్తిని తొక్కితే పాడవుద్దా? చీర కూడా పత్తే!"

"పట్టుచీర పత్తి కాదు!"

ఆ గొడవ జరుగుతూనే చీరలు అణిగాయి. అడుగున చీరలు, వాటి మీద స్టీలు సామాను, సందుల్లో ఊరివాళ్ల పొట్లాలు. సరిగ్గా నడిమధ్యన నా మిషన్. దానికోసం అన్న కొత్తగా ఒక రజాయి కుట్టాడు. మంచి పొడవు పింజ దూదితో నింపి, మిషన్‌ను పసిపిల్లను చుట్టినట్టు చుట్టాడు. ఎడారి దేశానికి రజాయి ఏంటని నేను నవ్వితే, "ఏసీలు బాగుచేసేవాడి ఇంట్లో చలి ఉండదా ఏంది?" అన్నాడు.

అన్నీ పట్టాయి. అన్నీ పట్టాక కూడా సంచి మూతి దగ్గర జానెడు ఖాళీ మిగిలింది. చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. అన్నకు హుషారు వచ్చింది. "ఇంకా ఏమైనా ఉన్నాయా? తెండి, తెండి" అన్నాడు. వదిన వెళ్లి రోటి పొత్రం తెచ్చింది. పక్కింటామె పచ్చడి సీసా తెచ్చింది. అవీ పట్టాయి. తర్వాత దబ్బనం, పురికొస తీసుకుని సంచి మూతి కుట్టాడు. కుట్టు ఎంత బిగువుగా పడిందంటే వేలు దూరదు. ఎర్ర రంగుతో నా పేరు, మస్కట్ అని పెద్ద అక్షరాలు రాశాడు.

"ఒకసారి కాటా వేసి చూద్దాం" అంది వదిన. దుకాణంలో కాటా పది అడుగుల దూరంలోనే ఉంది.

అన్న మూట మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. చుట్టూ తిరిగాడు. "ఇరవై ఎనిమిది. ఎక్కువలో ఎక్కువ ముప్పై. ఇంత చిన్న మూట ఇంకెంత ఉంటది?" అన్నాడు.

ఎత్తి ఆటోలో పెట్టడానికి ముగ్గురు కావాల్సి వచ్చింది. ఆటో అతను మూలిగాడు. "ఏందన్నా ఇది, బండరాళ్లా?" అన్నాడు. అన్న కంగారు పడలేదు. తొక్కిన సరుకు గట్టిగా ఉంటుంది కాబట్టి చేతికి బరువనిపిస్తుందనీ, తొక్కితే తూకం పెరగదనీ అతనికి వివరంగా చెప్పాడు. తొక్కితే తూకం పెరగదన్నది అక్షరాలా నిజం. తగ్గదు కూడా అన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఆటోలో కూర్చుని ఆ మాటలు వింటూ నేను తల కూడా ఊపాను.

చీరాలలో రైలెక్కి మద్రాసు వెళ్లాం. పేరు చెన్నైగా మారి కొన్నేళ్లయినా మావాళ్లకు అది మద్రాసే. దారి పొడవునా అన్న మూట పక్కనే కూర్చున్నాడు. ఒంగోలు దాటాక ఒకసారి, "గలేబులు కుట్టడానికి ఎవరినో చూసుకోవాలి ఇక" అన్నాడు. నేను ఇద్దరు ముగ్గురు పేర్లు చెప్పాను. "చూద్దాంలే" అన్నాడు.

విమానాశ్రయంలో టికెట్ ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తారు. అన్న రెయిలింగు బయట నిలబడ్డాడు. నేను మూటను ట్రాలీ మీద తోసుకుంటూ లోపలికి వెళ్లాను. జీవితంలో మొదటిసారి విమానాశ్రయం చూస్తున్నా నాకు బెరుకు కలగలేదు. అందరూ రకరకాల పెట్టెలతో అవస్థ పడుతుంటే, ఒక్క మూటలో ఇల్లంతా కట్టుకుని వచ్చినందుకు గర్వంగానే ఉంది. మూటను బెల్టు మీద పెట్టడానికి ఇద్దరు సాయం పట్టారు.

కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఎర్ర అంకెల వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ అంకెల వైపు చూసింది. నేను కూడా చూశాను. యాభై ఆరు.

"మేడమ్, థర్టీ" అంది ఆ అమ్మాయి, మూడు వేళ్లు చూపిస్తూ.

మిషన్ చెడిపోయిందేమో అన్నాను, కాటా సంగతే. ఆ అమ్మాయికి తెలుగు కొంచెం అర్థమైనట్టుంది. మూట పక్కకి దించి, వేరేవాళ్ల పెట్టె పెట్టి చూపించింది. పెట్టె మా మూటకు రెండింతలు ఉంది. అంకె ఇరవై రెండు. అదనపు కిలోలకు కట్టాల్సింది ఆమె చెబితే, దాంతో కొత్త మిషన్లు రెండు కొనుక్కోవచ్చని అర్థమైంది. అంత మా దగ్గర లేదు. ఉన్నా కట్టనిచ్చేదాన్ని కాదు. కౌంటరు మూసేలోపు బరువు తగ్గించి తెమ్మని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

గార్డుని బతిమాలుకుని మూటను మళ్లీ గుమ్మం దాకా తోసుకొచ్చాను. రెయిలింగు అవతల అన్న నా మొహం చూసి పరుగున వచ్చాడు.

"యాభై ఆరంట" అన్నాను.

"ఎవరన్నారు? వాళ్ల కాటా..." అని ఆగిపోయాడు. నా మొహం చూస్తే కాటాను అనడానికి లేదని తెలిసింది. ఒక్క క్షణం ఆయన మొహం పాలిపోయింది. ఊరంతటికీ పరుపుల తూకం చెప్పిన మనిషి. తర్వాత చొక్కా జేబులో నుంచి బ్లేడు తీసి, పురికొస కోసి, మూట విప్పాడు. దబ్బనం, పురికొస ఉండ కూడా ఆయన జేబులోనే ఉన్నాయి. అవి లేకుండా ఆయన ఎక్కడికీ కదలడు.

మూట విప్పగానే ఆయన మొదట లాగింది రజాయి. మిషన్ మీద నుంచి రజాయి తియ్యగానే అది పొంగి పొర్లి రెయిలింగు మీద పడింది. మూట సగానికి సగం తగ్గిపోయింది. "చూశావా? అంతా దీంతోనే వచ్చింది. ఇక చూసుకో" అన్నాడు అన్న, ఊపిరి పీల్చుకుంటూ. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. ఆ చిక్కిపోయిన మూటను తోసుకుంటూ లోపలికి పరుగెత్తి బెల్టు మీద పెట్టించాను.

యాభై మూడు.

అప్పుడు కాని నాకు తెలిసి రాలేదు, మేమిద్దరం ఎలాంటి మనుషులమో. మా బుర్రల్లో ఉన్నది దూది. పెద్దగా కనిపించేదే బరువని మా లెక్క. రజాయి తీసి రోలు ఉంచాం! అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది. కౌంటరు అమ్మాయి కూడా నవ్వింది, కానీ గడియారం చూపించింది.

మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అన్న నిర్ణయానికొచ్చేశాడు. మూటలో చెయ్యి పెట్టి మిషన్ హెడ్డు పట్టుకున్నాడు.

"దీన్ని తీసేద్దాం అమ్మాయ్. ఇదొక్కటే ఇంత బరువు. ఇదొక్కటి తీసేస్తే ఇంకో రెండు వస్తువులతో సరిపోద్ది. ఇంట్లో జాగ్రత్తగా ఉంచుతా. నూనె వేస్తా, ఎవరినీ ముట్టుకోనియ్యను. నీ మిషన్ నీ వసారాలోనే ఉంటది, నువ్వొచ్చినప్పుడు కుట్టుకుందువు."

ఆయన చెప్పింది సబబుగానే ఉంది. ఎవరైనా అదే చెబుతారు. కానీ ఆ మిషన్ లేకుండా మస్కట్‌లో దిగడం అంటే, ఫోన్లో మా ఆయనతో నేను వద్దని చెప్పిన బతుకులోకి నా అంతట నేను నడుచుకుంటూ వెళ్లడమే. నేను ఆయన చేతి మీద చెయ్యి వేశాను.

"మిషన్ ఉంటుంది. మిగతావి తీసెయ్."

"మిగతావంటే? ఊరివాళ్ల పొట్లాలా?"

"అవీ ఉంటాయి. టీచరమ్మ కారం తిరిగి తీసుకెళ్లి ఆమెకేం చెబుతావు? నేను వెళ్లిపోయేదాన్ని, ఊళ్లో తిరగాల్సింది నువ్వు. నావి తీసెయ్. నా సామాను అంతా తీసెయ్."

రోలు, పొత్రం తీశాం. అట్ల పెనం, స్టీలు సామాను, నా పచ్చళ్ల సీసాలు తీశాం. ఇంకా చాలదని నా చేతికి తెలిసింది. ఈసారి కళ్లను నమ్మలేదు, ప్రతిదీ ఎత్తి చూశాను. చీరలు తియ్యడం మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ తీసి అన్న చేతుల్లో వేశాను. నేత చీరలు, పెళ్లి పట్టుచీర, జాకెట్లు, లంగాలు. ఆయన మోచేతుల మీద దొంతరగా పేరుకుపోయాయి.

"బట్టలు లేకుండా ఎలా వెళ్తావే?" అన్నాడు.

"ఒంటి మీద ఉన్నాయిగా. మిషన్ ఉంటే బట్టలు కుట్టుకుంటాను. బట్టలతో మిషన్ కుట్టుకోలేనుగా?"

ఈ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. అన్న నవ్వలేదు. చీరలన్నీ రజాయి మీద పెట్టి, కింద మోకాళ్ల మీద కూర్చుని, మూట మూతి కుట్టడం మొదలుపెట్టాడు. సగం దాకా కుట్టి, తల ఎత్తకుండానే అన్నాడు.

"అయితే ఇక రావన్నమాట."

"ఎందుకు రాను? రెండేళ్లకోసారి కంపెనీవాళ్లు టికెట్ ఇస్తారుగా. వస్తాను."

"అది రావడం కాదే. చూసిపోవడం."

మిషన్‌ను నడిమధ్యన ఎందుకు పెట్టాడో, రజాయి అంత ప్రేమగా ఎందుకు చుట్టాడో, ఇప్పుడు ఆ మిషన్‌నే ఎందుకు తీసేద్దామన్నాడో అంతా ఒకేసారి అర్థమైంది. చీరలు ఊళ్లో ఉంటే వాటికోసం ఎవరూ తిరిగి రారు. మిషన్ వసారాలో ఉంటే నేనింకా ఆ ఇంటి మనిషినే. అయినా మిషన్ తియ్యమని మాత్రం అనలేదు. ఆయన కూడా మళ్లీ అడగలేదు. చివరి కుట్టు వేసి, ముడి బిగించి, పళ్లతో పురికొస కొరికి తెంపాడు. "పో, పొద్దుపోతాంది" అన్నాడు.

ముప్పై ఒకటిన్నర వచ్చింది. కౌంటరు అమ్మాయి అంకె చూసీ చూడనట్టు చీటీ కట్టేసింది. లోపలికి వెళ్తూ వెనక్కి చూశాను. అన్న రజాయిలో నా చీరలు, సామాను మూటగట్టి నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని, రెండో చేత్తో రోలును పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి ఊపడానికి ఆయనకు ఖాళీ చెయ్యి లేదు. నేనే ఊపాను.

మస్కట్‌లో మా ఆయన ట్రాలీ మీద ఉన్న మూటను ఎగాదిగా చూశాడు. "బట్టలేవే?" అన్నాడు.

"కట్టుకున్నానుగా."

"మరి అందులో?"

"నా మిషన్, మా ఊరివాళ్ల రొయ్యలు."

ఆయన రెండు నిమిషాలు చిరాకుపడి, ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి, టాక్సీ ఎక్కేదాకా ఆపలేదు. మర్నాడు తనే బజారు నుంచి రెండు చీరలు, మీటరు లెక్కన జాకెట్ గుడ్డ కొనుక్కొచ్చాడు. కంపెనీ వర్క్‌షాపులో చేతి చక్రం దగ్గరుండి బిగింపించి తెచ్చింది కూడా ఆయనే. నా మొదటి జాకెట్ నాకే కుట్టుకున్నాను, అప్పటికి మరో దారి లేదు మరి.

ఆ శుక్రవారం పొట్లాలకోసం ఒక్కొక్కరూ రావడం మొదలుపెట్టారు. టీచరమ్మ కూతురు ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చింది. కారం పొట్లం విప్పి వాసన చూసి, అలాగే కళ్లు మూసుకుని కూర్చుండిపోయింది. తర్వాత కళ్లు తెరిచి కిటికీ పక్కన ఉన్న మిషన్‌ను చూసింది.

"అక్కా, మీరు జాకెట్లు కుడతారా? ఇక్కడ దర్జీలంతా మగవాళ్లు. కొలతలు ఇవ్వడం ఇష్టం లేక ఊరి నుంచి కుట్టించుకున్నవే వేసుకుంటున్నా. అన్నీ బిగుతైపోయాయి."

"కుడతాను, తెచ్చుకో."

"నాలాంటి వాళ్లం హాస్టల్లో చాలామందిమి ఉన్నాం. అందరం ఇస్తే ఎలా? మీరు ఎన్నాళ్లుంటారు ఇక్కడ? ఇచ్చాక వెళ్లిపోరుగా?"

"ఇక్కడే ఉంటాను. ఇవ్వండి" అన్నాను.

చాలా మామూలుగా, ధీమాగా అనేశాను. ఆమె వెళ్లాక ఆ మాట నా చెవిలోనే ఉండిపోయింది. అన్న చెప్పింది నిజమే. నేను వచ్చేశాను.

తర్వాతి వారం అన్నకు ఫోన్ చేశాను. దుకాణంలో ఏకే మిషన్ ఆడుతున్నట్టుంది, ఆయన అరిచి మాట్లాడుతున్నాడు.

"నీ చీరలన్నీ ఉతికించి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టించా. ఎవరో చిలకలూరిపేట వాళ్లు అటు వస్తున్నారంట. పంపించనా?"

నేను ఇక్కడే ఉంటానని నోటితో చెప్పాక, ఆ చీరలు అక్కడ బీరువాలో నాకోసం కాచుకుని ఉండటం నాకు నచ్చలేదు.

"వద్దన్నా. వదినను కట్టుకోమను."

"అన్నీనా?"

"అన్నీ. పట్టుచీర కూడా."

అవతల ఏకే మిషన్ ఆగిపోయింది. ఆయనే ఆపాడో, కరెంటు పోయిందో తెలియదు. ఇక అరవాల్సిన అవసరం లేదు కాబట్టి అన్న మామూలు గొంతుతో మాట్లాడాడు.

"రెండు ఉంచుతాలే అమ్మాయ్. నువ్వు చూసిపోవడానికి వచ్చినప్పుడు ఇంట్లో కట్టుకోవడానికి ఉండాలిగా."

"సరే అన్నా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. సాయంత్రం నర్సమ్మ జాకెట్లకోసం వస్తానంది కాబట్టి లేచి మొహం కడుక్కుని, హుక్కులు కుట్టడానికి కూర్చున్నాను.